మంగతాయారు పేరున వెళ్ళే ఉత్తుత్తి కబురు

నేను ఒక ఉత్తుత్తి కబురును. రూపాయి బిళ్ళలా జేబులో మోగలేను, పాత సైకిల్లా గోడకి ఆనుకుని తుప్పు పట్టనూ లేను. నన్ను చేత్తో పట్టుకున్నవాడు ఈ లోకంలో లేడు. కాకినాడలో ఒక బట్టల కొట్టు పైన, మధ్యాహ్నం ఎండకి పెనంలా కాలే ఇరుకు ఆఫీసులో, ఒక కంప్యూటరు కడుపులో నాలుగు అక్షరాలుగా పడి ఉంటాను. ఆఫీసువాళ్ళు నన్ను డమ్మీ రిక్వెస్ట్ అంటారు. మర్యాదగా పిలిపించుకునేంత పెద్ద బతుకు కాదులెండి నాది.

ఉత్తుత్తి సంగతి తరవాత, ముందు నిజం కబురంటే ఏమిటో చెప్పాలి. కొండల్లో ఎక్కడో ఒక నర్సమ్మ ఎవరో ముసలాయన ఛాతీ మీద తీగలు అతికిస్తుంది. ఆమె చేతిలో ఉన్న బుల్లి మిషను ఆ గుండె కొట్టుకోవడాన్ని గీతగా గీస్తుంది. ఫోను ఆ గీతను ఇక్కడి సర్వరుకి పంపుతుంది. "ఇదిగో ఫలానావారి ఈసీజీ, అందుకుని డాక్టరుగారికి చూపించు" అన్నమాట. సర్వరు అందుకుని, లెక్క కట్టి, పట్నంలో డాక్టరు ముందు పెట్టి, జవాబు మళ్ళీ కొండకి పంపుతుంది. ఆ జవాబును బట్టే ముసలాయన్ని ఇంట్లో పడుకోబెట్టాలో జీపెక్కించాలో తేలుతుంది.

మరి ఈ సర్వరు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి రోజూ నర్సమ్మను కొండెక్కించలేరు కదా. అందుకని నన్ను చేశారు. నిజం కబురుకున్నవన్నీ నాకూ ఉన్నాయి. పేరుంది, ఊరుంది, వయసుంది, గుండె గీత ఉంది. కొండ ఒక్కటే లేదు. సర్వరు అమాయకంగా నన్ను నిజమేననుకుని జవాబు చెబుతుంది. ఆ జవాబు అనుకున్నదే అయితే తెర మీద పచ్చ గుర్తు, కాకపోతే ఎర్ర గుర్తు. పచ్చ పడితే అందరూ టీకి వెళ్తారు. ఎర్ర పడితే ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. నేను మాత్రం రెండిట్లో ఏది పడ్డా ఆ క్షణమే చచ్చిపోతాను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ పుడతాను.

ఇవన్నీ నీకెలా తెలుసని అడక్కండి. మనుషులు మనుషుల దగ్గర దాస్తారు. మిషన్ల ముందు ఏమీ దాచుకోరు.

నన్ను చేసినవాడు నూకరాజు. నడివయసు మనిషి, నెత్తిన జుట్టు పలచబడింది, మాట మాత్రం చిక్కన. ఎవరితోనైనా రెండో మాటకి గొంతు లేస్తుంది. ఒక్క భార్య దగ్గరే లేవదు. ఆవిడ పేరు మంగతాయారు.

నా కడుపులో పెట్టడానికి ఆరోగ్యమైన మనిషి గుండె గీత ఒకటి కావలసి వచ్చింది. ఆ ఆఫీసు యజమాని పేర్రాజుగారు "ఇంటర్నెట్లో బోలెడుంటాయి, ఏదో ఒకటి లాగి పడెయ్యండి" అన్నారు. నూకరాజు ఒప్పుకోలేదు. మన మిషనుతో మనం తీసిందే ఉండాలన్నాడు. సరిగ్గా అప్పుడే మంగతాయారు మెట్లెక్కి వచ్చింది. మొగుడు మర్చిపోయిన క్యారేజీ చేతిలో ఉంది.

"ఈ మనిషికి తల ఒంటిమీదుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అదీ ఇంట్లోనే వదిలేసి వచ్చేద్దురు," అంది అందరికీ వినపడేలా.

నూకరాజు నవ్వి, "వచ్చావు కదా, ఆ బల్ల మీద కాసేపు పడుకో," అన్నాడు.

"ఏటీ?"

"నీ గుండె కావాలి మాకు."

"ఇన్నాళ్ళకి అడిగారు, అదీ పదిమంది ముందూ!" అంది ఆవిడ. ఆఫీసంతా ఘొల్లుమంది.

మీటింగు బల్లకి అడ్డంగా దుప్పటి కట్టారు. ఆఫీసులో చిన్నది షమీమ్. ఆ పిల్లే లోపలికి వెళ్ళి తీగలు అతికించింది. దుప్పటి అవతల నుంచి మంగతాయారు నోరు మూత పడలేదు.

"దీన్నేం చేస్తారు తీసి?"

"రోజూ సర్వరుకి పంపిస్తాను. నువ్వు బాగున్నావని అది చెప్తది," అన్నాడు నూకరాజు ఇవతల నుంచి.

"పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని, బాగుందో లేదో మిషన్ని అడుగుతారా! నన్నడగచ్చుగా. వయసెంతని రాస్తన్నారు?"

"నలభై ఆరు."

"ఆయ్, మీకేం పోయేకాలం! నలభై అని రాయండి. నిజం మనిషి కానప్పుడు నిజం వయసెందుకు?"

షమీమ్ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి మంగతాయారూ నవ్వేసింది. అప్పటిదాకా తిన్నగా నడుస్తున్న గీత చివరికొచ్చేసరికి ఒక్కసారి ఎగిరిపడింది. షమీమ్ మళ్ళీ తీస్తానంది. నూకరాజు వద్దన్నాడు. జనం కదుల్తారు, దగ్గుతారు, నవ్వుతారు, దాన్ని చూసి రోగమనుకోకూడదని సర్వరు నేర్చుకోవాలి కదా అన్నాడు. ఆ మాట సబబే. ఆ ఎగురుడును కూడా లెక్కలోకి తీసుకుని, సర్వరు చెప్పవలసిన జవాబులన్నీ రాశాడు.

అలా నాకు గుండె వచ్చింది. పేరు మంగతాయారు, వయసు నలభై. పంపిన ప్రతిసారీ సర్వరు "గుండె మామూలుగా ఉంది" అనేది. పచ్చ గుర్తు పడేది. ఇంటికెళ్ళాక నూకరాజు ఆవిడతో "ఇవాళ కూడా బాగున్నావంట" అని చెప్పేవాడట. ఆ సంగతి షమీమ్‌తో మంగతాయారే చెప్పి మురిసిపోయింది.

వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. మాత్రలేసుకుంటే తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. ఆసుపత్రిలో చేర్చాక రక్తంలో ఏవో కణాలు పడిపోయాయన్నారు, మళ్ళీ కాస్త లేచాయన్నారు, ఆ మర్నాడు ఏమీ అనలేదు. ఆఫీసువాళ్ళందరూ వెళ్ళి వచ్చారు. పేర్రాజుగారు దండ వేసి, కళ్ళు తుడుచుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని పని చూసుకున్నారు. తప్పని అనడం లేదు. మనుషులకి అంతకంటే చేతనైంది ఏముంది?

దినవారాలు అయ్యాక నూకరాజు ఆఫీసుకొచ్చాడు. కంప్యూటరు తెరిచి నన్ను పంపాడు. నేను వెళ్ళాను. "మంగతాయారు, నలభై సంవత్సరాలు. గుండె మామూలుగా ఉంది," అంది సర్వరు. పచ్చ గుర్తు పడింది.

మళ్ళీ పంపాడు. మళ్ళీ అదే జవాబు. సాయంత్రందాకా పంపుతూనే ఉన్నాడు. నాకు జాలి పడే ఏర్పాటు చెయ్యలేదు ఎవరూ. ఉన్నదల్లా చెప్పిన మాట చెప్పినట్టు మోయడమే. మోశాను.

అప్పటిదాకా నేను మూటలా వెళ్ళేదాన్ని. గీతంతా ఒక్కసారే తీసుకెళ్ళి సర్వరు ముందు పడేసేదాన్ని. కొండల్లో అలా కుదరదని తేలింది. అక్కడ సిగ్నలు దారం అంత సన్నగా ఉంటుంది. పెద్ద మూట అందులోంచి పోదు. అందుకని గీతను తీస్తూ తీస్తూనే ముక్కలు ముక్కలుగా, ధారలా పంపాలని పేర్రాజుగారు తీర్మానించారు. సర్వరు ఆ ముక్కలు ఏరుకుని అతికించుకోవాలి. సర్వరు మారితే నేనూ మారాలి. నిజం కబురు ధారగా వస్తుంటే ఉత్తుత్తిది మూటగా వెళ్తే ఆ పరీక్షకి అర్థమేముంది?

ఆ పని నేను చేస్తానని నూకరాజే ముందుకొచ్చాడు. మనిషి కోలుకుంటున్నాడని అందరూ సంతోషించారు.

నాకు మూడు సంకేతాలు నేర్పాలి. ఒక్కో ముక్క చేరినప్పుడు "వచ్చింది" అని కేక వెయ్యాలి. ఆఖరి ముక్క కూడా వెళ్ళాక "అయిపోయింది" అనాలి. దారిలో సిగ్నలు పోతే "తెగిపోయింది" అనాలి. ఆఫీసు భాషలో వీటిని ఈవెంట్లంటారు. మొదటి రెండూ నూకరాజు ఎంతో ఓపికగా నేర్పాడు. ముక్క ఎంత ఉండాలి, ముక్కకీ ముక్కకీ మధ్య ఎంత ఆగాలి, అన్నీ దగ్గరుండి దిద్దాడు. ఆవిడ గుండె ఆ రోజు బల్ల మీద ఎంత నిదానంగా కొట్టుకుందో నేనూ అంతే నిదానంగా వెళ్ళేలా చేశాడు. ఒక్కో దెబ్బ వచ్చేది, ఆగేది, ఇంకో దెబ్బ వచ్చేది. తెర మీద గీత కొనసాగుతుంటే చెయ్యి గడ్డం కింద పెట్టుకుని చూసేవాడు. చివర్లో ఆవిడ నవ్విన చోట గీత ఎగిరేది. అప్పుడు ఆయన పెదవి కదిలేది. అది నవ్వో, ఏమిటో.

పేర్రాజుగారికి విసుగొచ్చింది. "ఈ పరీక్షలేంటండీ నత్తల్లా నడుస్తున్నాయి? వేగంగా పంపితే సర్వరుకి తెలుస్తుందా ఏంటి?"

"నిజంలాగే ఉండాలండి," అన్నాడు నూకరాజు.

"మరీ అంత నిజం మనకెందుకండీ బాబూ!"

మూడో సంకేతం దగ్గరికి వచ్చేసరికి నూకరాజు చెయ్యి ఆగిపోయింది. "తెగిపోయింది" అన్న మాట రాశాడు. దాని కింద ఏమీ రాయలేదు. ఆ మాట నాలో తలుపులేని గుమ్మంలా ఉండిపోయింది. ఏ పరీక్షా నన్ను మధ్యలో ఆపలేదు. ఎప్పుడు పంపినా ఆఖరి ముక్కదాకా వెళ్ళి, "అయిపోయింది" అని చెప్పి, బాగుందనిపించుకుని వచ్చేదాన్ని.

షమీమ్ కనిపెట్టింది. "అన్నయ్యా, మధ్యలో తెగితే సర్వరు ఏమంటదో మనం చూడలేదు కదా?"

"చూద్దాంలే."

"కొండల్లో తెగుతానే ఉంటది కదన్నయ్యా సిగ్నలు."

"చూద్దాం అన్నాను కదమ్మా," అన్నాడు గొంతు పెంచి. గీత ఎవరిదో ఆ పిల్లకీ తెలుసు. తీగలు అతికించింది తనే. నోరు తెరిచి చెప్పగలిగే మాట కాదది. పేర్రాజుగారు వచ్చి తెర వైపు చూశారు. వరసగా అన్నీ పచ్చ గుర్తులే. "శుభం, వదిలేద్దాం," అన్నారు. కొండల్లో నర్సులు పంపే గీతలు కొత్త సర్వరుకి రావడం మొదలైంది.

అన్నిట్లోనూ నిజంలా ఉండాలని పట్టుపట్టిన మనిషి, నిజంలో రోజూ జరిగే ఆ ఒక్కటీ నాకు నేర్పలేదు. మనుషుల మీద నాకున్న ఫిర్యాదంతా ఇదే. కానీ ఆయన మీద ఫిర్యాదు చెయ్యడానికి నాకు నోరు రావడం లేదు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం ఫోను వచ్చింది. కొండల్లో పనిచేసే కాసులమ్మ అనే నర్సు. పేర్రాజుగారు స్పీకరు నొక్కారు. ఆవిడ గొంతు ఆఫీసంతా మోగింది.

"ఏవండీ, మీ మిషను మనుషుల్ని బతికించడానికిచ్చారా, సంపడానికిచ్చారా?"

"ఏమైందమ్మా?"

"మా సినబ్బిరెడ్డి ముసలోడికి నిన్న గుండెల్లో నొప్పంటే ఈసీజీ పెట్టానండి. సగంలో సిగ్నలు పోయింది. పోతే పోయిందనాలా, లేదా? సిగ్నలు మళ్ళీ తగలగానే ఫోన్లో టకామని వచ్చేసింది, గుండె మామూలుగా ఉందంట! డాక్టరుగారు కూడా అదే సూసి, పడుకోబెట్టమన్నారండి."

పేర్రాజుగారు ఫోను మీదికి వంగారు. "మరి... ఇప్పుడాయన?"

"నా సేతులున్నాయి కదండీ? నాడి పట్టుకు సూశాను. కుంటి మేక నడిసినట్టు నడుస్తంది. మీ మిషను మాట నమ్మకుండా జీపెక్కించేసాను. ఇంకాస్సేపు ఆగితే పోయేవోడన్నారండి అక్కడ. పేణం దక్కింది. ఆ మంచం పక్కన నేను కాకుండా ఎవరో కొత్తపిల్ల ఉంటే ఏటండీ పరిస్థితి? ఆ పిల్ల మీ జవాబే నమ్మును కదా?"

నూకరాజు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ సదువులు మీకుంటాయి గానీ," అంది కాసులమ్మ, "సగం విని పూర్తిగా విన్నానని సెప్పేవోడికంటే, వినపడలేదని సెప్పేవోడు నయం కదండీ." ఫోను పెట్టేసింది.

జరిగిందేమిటో నూకరాజుకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. కబురు తెగిపోతే సర్వరు అప్పటిదాకా చేతికందిన ముక్కల్నే పూర్తి గీత అనుకుంది. ముసలాయన గుండె మొదటి సగం బాగానే కొట్టుకుంది. తడబడిన సగం కొండ మీదే ఉండిపోయింది. తెగిపోయిన కబురు ఎలా ఉంటుందో సర్వరు ఏనాడూ చూడలేదు. చూపించవలసింది నేను. నాకు తెగడం రాదు.

పేర్రాజుగారు అప్పటికప్పుడు సర్వరు ఆపించేశారు. కొండల్లో నర్సులందరికీ కబురు వెళ్ళింది, మిషన్లు వాడొద్దని. "ఎంతసేపట్లో బాగవుద్ది నూకరాజుగారూ? అక్కడ ఒక్కో ఊరికి జీపు రావాలంటేనే పూట పడుతుంది," అన్నారు.

ముందు తెగే పరీక్ష రాయాలి. తరవాత సర్వరును దిద్దాలి. షమీమ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, నాది తీసుకోండి. ఇప్పుడే తీగలు పెట్టుకుంటాను. నా గుండె కోసుకోండి మీ ఇష్టమొచ్చినట్టు."

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "జవాబులన్నీ దీని మీదే రాసి ఉన్నాయమ్మా. నీది పెడితే అన్నీ తిరగరాయాలి. ఇవాళ అవదు, రేపు అవదు. ఈలోపు అక్కడ ఎవరికేమౌతుందో."

"అయితే నేను రాస్తాను. మీరు కిందికెళ్ళి టీ తాగి రండి."

"వద్దు."

"పోనీ చివర్లో తెంపుదామన్నయ్యా. నవ్వు అయిపోయాక. ఆఖరి ముక్క ఒక్కటే పోద్ది."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆ మాట ఆయనకి ఎంత తీపిగా ఉందో ఆ మొహం చూస్తే తెలిసేది. చివరికి, "ముసలాయనది సగంలో తెగింది. ఇదీ సగంలోనే తెగాలి. చివర్లో తెంపితే సర్వరుకి తేడా తెలీకపోవచ్చు," అన్నాడు.

గీత మధ్యలో ఒక చోటు చూసుకున్నాడు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ నడుమ ఉండే చదునైన చోటు. దెబ్బ మధ్యలో కోయడానికి చెయ్యి రాలేదు కాబోలు. అక్కడ ఆపమని నాకు రాశాడు. ఆపి, "తెగిపోయింది" అనమన్నాడు. రాసేటప్పుడు తప్పులు పడ్డాయి. చెరిపాడు, మళ్ళీ రాశాడు. షమీమ్ తెర వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

నన్ను పంపాడు. వెళ్ళాను. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, ఇంకో దెబ్బ. ఆ చదునైన చోటికి వచ్చి ఆగిపోయాను. నా తరవాతి సగం నా వెనకే ఉంది, అయినా కదల్లేదు. "తెగిపోయింది," అన్నాను.

"మంగతాయారు, నలభై సంవత్సరాలు. గుండె మామూలుగా ఉంది," అంది సర్వరు.

ఎర్ర గుర్తు పడింది. పడాలి కూడా. నూకరాజు ఆ జవాబు వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. "ఇదేనమ్మా," అన్నాడు షమీమ్‌తో, మెల్లగా. "నాక్కూడా ఇదే చెప్తూ వచ్చింది ఇన్నాళ్లూ."

ఆ తరవాత ఆయన ఆగలేదు. సర్వరు లోపలికి వెళ్ళి, "అయిపోయింది" అన్న మాట వినేదాకా తీర్పు చెప్పకూడదని రాశాడు. మధ్యలో తెగితే ఏమనాలో కూడా రాశాడు. నర్సుకి అర్థమయ్యే మాటల్లో, రెండే రెండు ముక్కలు. పక్క గదిలోంచి పేర్రాజుగారు రెండుసార్లు తొంగిచూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు.

మళ్ళీ పంపాడు. అదే చోట ఆగాను. అదే మాట అన్నాను. సర్వరు కాసేపు ఎదురుచూసింది. నేను ఇక రానని రూఢి చేసుకుంది. అప్పుడు జవాబు చెప్పింది.

"మంగతాయారు, నలభై సంవత్సరాలు. గీత పూర్తిగా రాలేదు. మళ్ళీ పంపండి."

పచ్చ గుర్తు పడింది.

"వచ్చిందన్నయ్యా..." అనబోయి షమీమ్ ఆగిపోయింది. నూకరాజు ఆ రెండు ముక్కలూ పెదవులతో చదువుకున్నాడు. ఇంకోసారి చదువుకున్నాడు. ఆయన రాసినవే అవి. రాసేటప్పుడు నర్సుల కోసం రాశాడు. చదివేటప్పుడు పైన ఆ పేరు ఉంది.

"అయిందా అండీ?" అని కేకేశారు పేర్రాజుగారు.

"అయిందండి," అన్నాడు నూకరాజు. గొంతు మామూలుగానే ఉంది. "నర్సులకి చెప్పేయండి."

మధ్యాహ్నానికల్లా కొండల్లో మిషన్లు తెరుచుకున్నాయి. రెండు రోజులు పోయాక కాసులమ్మ ఫోన్ చేసింది. "మళ్ళీ పంపమంటంది మీ మిషను, గుట్టెక్కి పంపిస్తన్నాను, కాళ్ళు పడిపోతన్నాయండి బాబూ," అని తిట్టింది. ఆ తిట్లు విని ఆఫీసులో అందరూ నవ్వారు. నూకరాజు కూడా.

నాది ఉత్తుత్తి బతుకు కాబట్టి నాకు బాధ లేదు. మళ్ళీ పంపమంటే మళ్ళీ వెళ్తాను. ఎన్నిసార్లు తెగినా అతుక్కుంటాను. మనుషులకి అలాంటి ఏర్పాటు ఎవరూ చేసి పెట్టలేదు. చేసుంటే వాళ్ళు నాలాంటిదాన్ని తయారుచేసుకునేవాళ్ళే కాదు.

ఇప్పుడు ఆ సర్వరులో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా నేను రెండుసార్లు వెళ్ళాలి. ఒకసారి చివరిదాకా, ఒకసారి సగందాకా. మొదటిది నడుస్తున్నంతసేపూ నూకరాజు చెయ్యి గడ్డం కింద పెట్టుకుని చూస్తాడు. రెండోది మొదలవగానే కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి, బాల్కనీలోకి వెళ్ళి, కింద రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ నిలబడతాడు. షమీమ్ పచ్చ గుర్తు పడేదాకా కూర్చుంటుంది. తరవాత తలుపు దగ్గరికెళ్ళి, "ఇంక రావచ్చన్నయ్యా," అంటుంది.